పాత డ్రైవర్ తీసి కొత్తది వేసే ముందు

గుంటూరు, బ్రాడీపేట

చి. బుజ్జికి మావయ్య దీవించి రాయునది.

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "నీ మేనకోడలు కంప్యూటర్ విప్పుతానంటోంది, కార్డేదో మారుస్తుందంట, నువ్వైనా చెప్పు అన్నయ్యా" అంది. ప్రాజెక్టుకి ఏది కావాలో లెక్కేసుకుని ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060, అందులోనూ 12 జీబీ మెమరీదే ఎంచుకున్నావని వినగానే గర్వంగా అనిపించింది. అదే పేరుతో 8 జీబీది కూడా ఉంది, చాలామంది చూసుకోకుండా కొనేస్తారు. మెషిన్ లెర్నింగ్ మోడల్ ట్రైనింగ్‌లో మెమరీ చాలకపోతే వేగం ఎంతున్నా పని ఆగిపోతుంది. ఆ తేడా నువ్వు కనిపెట్టావు. కానీ సెకండ్ హ్యాండ్ అని, పాత రేడియాన్, అదే ఏఎండీ కంపెనీ కార్డు, తీసేసి డ్రైవర్లు, అంటే విండోస్‌కి కార్డుని నడపడం నేర్పే సాఫ్ట్‌వేర్, కూడా నువ్వే వేసుకుంటావని విన్నాక నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే ఊఁ కొట్టి పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా, పక్కన పెట్టుకుని చెయ్యి.

గవర్నర్‌పేటలో కొన్నా, ఆన్‌లైన్‌లో చూసి ఎవరింటికో వెళ్లి కొన్నా, కార్డు చేతికి రాగానే ముందు స్క్రూలు చూడు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చింది గదా. ఆ నీళ్లలో మునిగి ఆరిన సామాను ఎప్పటికీ అమ్మకానికి రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. తడిసిన కార్డు ఆరాక కొన్నాళ్లు బాగానే పనిచేస్తుంది, తర్వాత లోపల తుప్పు తినేస్తుంది. స్క్రూ తలల మీద తుప్పు, హెచ్‌డీఎంఐ పోర్టుల పక్కన తెల్లగానో పచ్చగానో పొడి, హీట్‌సింక్ రేకుల మధ్య ఎండిన ఒండ్రు, వీటిలో ఏది కనబడినా ధర ఎంత తగ్గించినా వద్దు. తర్వాత అమ్మేవాళ్ల కంప్యూటర్లోనే జీపీయూ-జెడ్ అని, కార్డు వివరాలు చూపించే ప్రోగ్రామ్ తెరవమను. 3584 షేడర్లు, 192 బిట్ మెమరీ బస్, 12288 ఎంబీ మెమరీ కనబడాలి. పాత చిప్ మీద బయోస్, అంటే కార్డు లోపలి ప్రోగ్రామ్, మార్చి కొత్త పేరు పెట్టిన కార్డు దొరికితే జీపీయూ-జెడ్ ఆ కార్డు పేరు పక్కనే ఫేక్ అని రాసి చూపిస్తుంది. ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి.

మైనింగ్ సంగతి, అంటే క్రిప్టో నాణేల కోసం కార్డుని రాత్రింబగళ్లు నడిపారా అన్నది కూడా అడుగు. ఈ కార్డు 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు మైనింగ్ వేగం సగానికి పడేలా కంపెనీ అడ్డుకట్ట పెట్టింది. మరుసటి నెలలోనే 470.05 అనే బీటా డ్రైవర్‌తో వాళ్లే పొరపాటున ఆ అడ్డు తీసేశారు. చిప్ అదే, బోర్డు అదే, ఒక్క డ్రైవర్ మారేసరికి కార్డు నడవడిక మారిపోయింది. డ్రైవర్ అంటే సెట్టింగుల పేజీ అనుకునేవాళ్లకి నేను ఇదే చెబుతాను. మైనింగ్‌లో నలిగిన కార్డుకి ముందు దెబ్బతినేవి ఫ్యాన్లు, మెమరీ వేడిని హీట్‌సింక్‌కి చేరవేసే థర్మల్ ప్యాడ్లు. ఓ పావుగంట లోడ్ పెట్టించి, చెవి దగ్గర పెట్టి ఫ్యాన్ చప్పుడు విను.

బిగించడం గురించి నీకు కొత్తగా చెప్పేదేం లేదు. 170 వాట్ల కార్డు, 550 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్, అదే లోపల అన్నిటికీ కరెంటిచ్చే పెట్టె, చాలు. స్లాట్ నుంచి 75, 8 పిన్ వైరు నుంచి 150 వాట్లు వస్తాయి. పాత మోలెక్స్ వైర్లకి కన్వర్టర్ తగిలించే పని మాత్రం పెట్టుకోకు. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి కాదు, కార్డుకే గుచ్చు. ఇది నవ్వులాటకి చెప్పడం లేదు. "డ్రైవర్ పడట్లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటి మూలం ఇక్కడే ఉంటుంది.

ఇక అసలు సంగతి. పోయిన దసరాకి నువ్వు చేసిన పని.

ఆట మధ్యలో స్క్రీన్ నల్లబడుతోందని రేడియాన్ డ్రైవర్ తీసేసి కొత్తది వేద్దామనుకున్నావు. ఆలోచన మంచిదే. కంట్రోల్ ప్యానెల్‌లో అన్‌ఇన్‌స్టాల్ కొట్టి, రీస్టార్ట్ చేసి, అప్పుడు తీరిగ్గా కొత్త డ్రైవర్ డౌన్‌లోడ్ పెట్టావు. నెట్ ఆన్‌లోనే ఉంది. కార్డుకి డ్రైవర్ లేదని విండోస్ చూసింది. దాని పని అది చేసింది, అప్‌డేట్ సర్వర్ నుంచి తన దగ్గరున్న పాత వెర్షన్ తెచ్చి వెనకాల చప్పుడు లేకుండా వెయ్యడం మొదలెట్టింది. నీ డౌన్‌లోడ్ అయింది, నువ్వూ ఇన్‌స్టాలర్ తెరిచావు. ఒకే పొయ్యి మీది కూరలో ఇద్దరు ఉప్పేసినట్టయింది. డ్రైవర్ ఫైలు ఒక వెర్షన్‌ది, కంట్రోల్ సాఫ్ట్‌వేర్ ఇంకో వెర్షన్‌ది. రీస్టార్ట్ చేస్తే విండోస్ గుర్తు వరకూ వచ్చి నలుపు. నువ్వు కంగారుపడి పవర్ బటన్ నొక్కి పట్టుకున్నావు, మళ్లీ మళ్లీ. తర్వాత పక్కింటి అబ్బాయి చెప్పాడని సీ డ్రైవ్ ఫార్మాట్ చేశావు. డెస్క్‌టాప్ మీద ఉన్న మీ నాన్న రిటైర్‌మెంట్ ఫొటోలు కూడా దాంతోనే పోయాయి.

ఫార్మాట్ అక్కర్లేదమ్మా. స్క్రీన్ నల్లగా ఉన్నా విండోస్ బతికే ఉంది. బూట్ మధ్యలో రెండు మూడుసార్లు వరసగా ఆపేస్తే రికవరీ మెనూ దానంతట అదే వస్తుంది. అక్కణ్నుంచి సేఫ్ మోడ్‌లోకి వెళితే కార్డు డ్రైవర్ లోడ్ కాదు, మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్‌తో బొమ్మ వస్తుంది. రెండు డ్రైవర్లనీ అక్కడే ఊడ్చేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఒక్క ఫైలూ పోదు. ఆ రోజు నాకో ఫోన్ కొట్టి ఉండాల్సింది. తిడతానని భయపడ్డావని మీ అమ్మ తర్వాత చెప్పింది. తిట్టేవాణ్నే, కానీ ఫొటోలు మిగిలేవి. సరే, అయిపోయింది. ఈసారి ఈ వరస తప్పకు.

ముందు రోజే నెట్‌లోంచి మూడు దించుకుని డీ డ్రైవ్‌లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ పెట్టుకో: కొత్త ఎన్విడియా డ్రైవర్, దానికి ఒకటి రెండు నెలల ముందు వెర్షన్, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్, అదే అందరూ డీడీయూ అంటారే. డ్రైవర్ ఎన్విడియా సొంత సైట్ నుంచే. గూగుల్‌లో పైన ప్రకటనల్లో వచ్చేవి, "మీ డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో" అని మురిపించేవి ముట్టుకోకు. గేమ్ రెడీ, స్టూడియో అని రెండు కనిపిస్తాయి. నీ పనికి స్టూడియో తీసుకో, ఆటలు దాంతోనూ ఆడతాయి.

తర్వాత బిట్‌లాకర్, డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం. నాకు అన్నిటికంటే భయం దీంతోనే. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, నువ్వు అడక్కపోయినా డ్రైవ్‌కి తాళం పడి ఉండొచ్చు. సేఫ్ మోడ్‌కి వెళ్లినా, కార్డు మార్చినా 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది లేకపోతే నేనొచ్చినా, ఇంకెవరొచ్చినా చేసేదేం లేదు. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి ఆ కీ చూసి, నోటుపుస్తకంలో చేత్తో రాసుకో. పిన్ ఒక్కటే కాదు, ఖాతా పాస్‌వర్డ్ కూడా గుర్తుందో లేదో చూసుకో, సేఫ్ మోడ్‌లో కొన్నిసార్లు పిన్ పనిచెయ్యదు.

విండోస్ అప్‌డేట్లన్నీ పూర్తిచేసి రీస్టార్ట్ బాకీ లేకుండా చూసుకో. 2023 మొదట్లో ఏఎండీ డ్రైవర్ని ఫ్యాక్టరీ రీసెట్‌తో వేస్తుండగా వెనకాల విండోస్ అప్‌డేట్ నడిచి, కొందరికి విండోసే పాడైంది. అరుదే, కానీ జరిగిందని కంపెనీ ఒప్పుకుంది. నీకు దసరాకి జరిగినదానికి ఇది పెద్దన్న.

కరెంటు పోయే వేళ ఈ పని పెట్టుకోకు. గాలివాన పడేట్టున్న సాయంత్రం అసలే వద్దు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడు, లేకపోతే కరెంటు మారే ఆ క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్లే మోస్తుంది. డ్రైవర్ వేసేటప్పుడు కార్డు ఖాళీగా ఉంటుంది కాబట్టి అది చాలు. ట్రైనింగ్ రాత్రంతా పెట్టి దాని మీద ఆధారపడితే మాత్రం కరెంటు పోగానే బీప్ బీప్ మని ఆగిపోతుంది.

ఇప్పుడు నెట్ కేబుల్ పీకెయ్యి, వైఫై ఆపెయ్యి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టు. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆ వచ్చే పట్టికలో 4. ఎమ్‌ఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టే దారి కూడా యూట్యూబ్‌లో చెబుతారు. పాస్‌వర్డ్ తేడా వస్తే తిరిగి బయటికి రాలేవు, ఆ దారి వద్దు. డీడీయూలో జీపీయూ, ఏఎండీ ఎంచుకుని, కొత్త కార్డు కోసం క్లీన్ చేసి షట్‌డౌన్ అయ్యే బటన్ నొక్కు. ఆగాక ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి, కేబినెట్ పవర్ బటన్ ఓసారి నొక్కి, లోపల మిగిలిన కరెంటు దిగాక కార్డు మార్చు.

తిరిగి ఆన్ చేస్తే అక్షరాలు లావుగా, బొమ్మ మొరటుగా ఉంటుంది. అది బేసిక్ అడాప్టర్, భయపడకు. ఇన్‌స్టాలర్‌లో కస్టమ్ ఎంచుకుని క్లీన్ ఇన్‌స్టలేషన్ టిక్ పెట్టు. మధ్యలో స్క్రీన్ కొన్ని సెకన్లు నల్లబడి మళ్లీ వస్తుంది, ఒక్కోసారి రెండు మూడుసార్లు. దసరానాడు నీ చెయ్యి పవర్ బటన్ మీదికి పోయింది ఇట్టాంటి చోటే. ఈసారి చేతులు కట్టుకుని కూర్చో. అయ్యాక రీస్టార్ట్, ఆ తర్వాతే నెట్.

ఈ డీడీయూ తంతు కార్డు కంపెనీ మారేటప్పుడో, డ్రైవర్ చెడినప్పుడో మాత్రమే. ప్రతి నెలా ఊడ్చి వెయ్యమనేవాళ్ల మాట వినకు. మామూలు అప్‌డేట్ పాతదాని మీదే వేస్తే సరిపోతుంది. అది కూడా వచ్చిన రోజే వద్దు. 2010 మార్చిలో ఎన్విడియా 196.75 డ్రైవర్ కొందరి కార్డుల్లో ఫ్యాన్ వేగం సరిగ్గా నడపలేక, కార్డులు వేడెక్కుతున్నాయని వెనక్కి తీసుకున్నారు. ప్రాజెక్టు సవ్యంగా నడుస్తుంటే సబ్మిషన్ అయ్యేదాకా డ్రైవర్ మార్చకు.

ఏ వెర్షన్ ఉందో డివైస్ మేనేజర్లో చూస్తే 32.0.15.6636 అని అర్థం కాకుండా ఉంటుంది. చుక్కలు తీసేసి చివరి అయిదు అంకెలు తీసుకో, 56636, అంటే 566.36. పుస్తకంలో తారీకుతో రాసిపెట్టు. తేడా వస్తే అక్కడే డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ ఉంటుంది. కానీ డీడీయూ చేశాక వెనక్కి వెళ్లడానికి ఏమీ మిగలదు కాబట్టి ఆ బటన్ మసకగా ఉంటుంది. ముందు వెర్షన్ కూడా దాచుకోమన్నది ఇందుకే. స్క్రీన్ బిగుసుకుపోతే ముందు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కు, గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కటే మళ్లీ మొదలవుతుంది.

విండోస్ తన తప్పులు రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌లో 4101 అనే నంబరు కనబడితే, డ్రైవర్ రెండు సెకన్లలో జవాబు ఇవ్వలేదని విండోస్ దాన్ని మళ్లీ మొదలెట్టిందని అర్థం. రిజిస్ట్రీలో, అంటే విండోస్ లోపలి సెట్టింగుల్లో, ఆ గడువు పెంచమని నెట్‌లో సలహాలిస్తారు. అప్పుడే పెంచకు, ముందు వేడి చూడు. ఈ చిప్ హద్దు 93 డిగ్రీలు. రోహిణి కార్తెలో బెజవాడలో తలుపులేసిన గదిలో కేబినెట్ గోడకి ఆనించి పెడితే అటువైపు పోవడానికి ఎంతోసేపు పట్టదు. గోడకి జానెడు ఎడం ఉంచు, దుమ్ము దులుపు.

ప్రాజెక్టు మాట. ఎన్విడియా-ఎస్‌ఎమ్‌ఐ అనే కమాండ్ కొడితే పైన కనిపించే CUDA (కార్డు మీద లెక్కలు చేయించే ఎన్విడియా సాఫ్ట్‌వేర్) వెర్షన్ నీ కంప్యూటర్లో వేసి ఉన్నది కాదు, ఆ డ్రైవర్ మొయ్యగలిగిన గరిష్ఠ వెర్షన్. మోడల్ ట్రైనింగ్‌కి వాడే పైటార్చ్‌ని పిప్ కమాండ్‌తో వేస్తే తనకి కావాల్సిన CUDA లైబ్రరీలు తనే తెచ్చుకుంటుంది, విడిగా CUDA టూల్‌కిట్ వెయ్యక్కర్లేదు. డబ్ల్యూఎస్‌ఎల్‌లో, అంటే విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటులో, ఉబుంటు వాడతావేమో, దానిలోపల మళ్లీ లినక్స్ డ్రైవర్ వెయ్యకు. విండోస్ డ్రైవరే లోపలికి అందుతుంది, రెండోది వేస్తే అది చెడుతుంది.

పాత రేడియాన్ అప్పుడే అమ్మెయ్యకు. నీ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉందని గుర్తు, అంటే దానికి సొంత డిస్‌ప్లే లేదు. కొత్త కార్డు మొరాయిస్తే బొమ్మ చూడ్డానికి ఇంట్లో ఉన్నది ఆ రేడియానొక్కటే. యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి, పైన పేరు రాసి, బీరువా పై అరలో పెట్టించు. మీ అమ్మకి చెప్పి పెట్టు, పాత సామాన్లవాడికి వేసేస్తుంది.

మీ మావయ్య