కంపెనీ వద్దంది, ఇక పాడనంటోంది

ప్రశ్న: మాది గుంటూరు. ఇరవై ఏళ్లుగా డాలస్‌లో ఉంటున్నాం. అమ్మాయికి 22. ఇంగ్లిష్ పాటలు తనే రాసి పాడుతుంది. రెండేళ్ల కిందట లాస్ ఏంజెలెస్‌లో ఒక రికార్డు కంపెనీ కాంట్రాక్టు ఇస్తే కాలేజీ మానేసింది. మేమూ మురిసిపోయి అందరికీ చెప్పుకున్నాం. ఆల్బమ్ రాకుండానే ఇప్పుడు వద్దనేశారు. గిటారు మంచం కిందకి తోసేసింది. చుట్టాల వీడియోకాల్ వస్తే బాత్రూమ్‌లో దూరి కుళాయి తిప్పేస్తోంది. అడ్వాన్సు వెనక్కి కట్టాలేమోనని మావారికి టెన్షన్. చదువు చెడగొట్టుకున్నావని రోజూ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ కుళాయి దగ్గరే నా మనసు ఆగిపోయిందమ్మా. తనేదో తప్పు చేసినట్టు సిగ్గుపడుతోంది ఆ పిల్ల.

ముందు డబ్బు సంగతి. మీ ఇంట్లో సగం గొడవ దానిదే. ఇలాంటి ఒప్పందాల్లో అడ్వాన్సు మామూలు అప్పు లాంటిది కాదు. పాటల మీద వచ్చే రాయల్టీలోంచి కంపెనీ దాన్ని మినహాయించుకుంటుంది. స్టూడియో ఖర్చూ చాలావరకు ఆ లెక్కలోనే రాస్తారు. కంపెనీయే వదిలేసుకుంటే మామూలుగా తిరిగి కట్టమనరు. మీ కాగితంలో ఏముందో మాత్రం సంగీత ఒప్పందాలు చూసే లాయరే చదివి చెప్పాలి. ఆయన్ని అడగాల్సింది ఇంకోటుంది: రికార్డు చేసిన ఆ పాటలు ఇప్పుడెవరివి? విడుదల కాకపోయినా మాస్టర్ రికార్డింగులు, అంటే స్టూడియోలో తీసిన అసలు రికార్డింగులు, కంపెనీవే అవుతుంటాయి. ఆ పాటలనే మళ్లీ పాడి రికార్డు చేయకుండా కొన్నేళ్ల షరతూ ఉండొచ్చు. అమ్మాయిని పూర్తిగా వదిలేసినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. లేదంటే రేపు ఇంకెవరైనా పిలిచినా సంతకం దగ్గర చిక్కొస్తుంది.

పాట బాగాలేకే వద్దన్నారని మీవారు అనుకుంటున్నట్టున్నారు. కారణం అదే కానక్కర్లేదు. కంపెనీలో తనని తీసుకున్న మనిషి ఉద్యోగం మారితే చాలు, ఆ మనిషి తెచ్చిన కొత్త గాయకుల ఫైలు పట్టించుకునే దిక్కుండదు. పాప్ గాయని లేడీ గాగాను 2006లో డెఫ్ జామ్ అనే రికార్డు కంపెనీ తీసుకుని మూడు నెలలకే వదిలేసింది. ఆవిడా న్యూయార్క్‌లో అమ్మానాన్నల ఇంటికే చేరింది. తొలి ఆల్బమ్ 2008లో వేరే కంపెనీ నుంచి వచ్చింది. గాయకుడు బ్రూనో మార్స్‌నూ మోటౌన్ అనే కంపెనీ వదిలేసింది. ఈ కథలు అమ్మాయికి చెప్పకండి, మీకన్నా తనకే బాగా తెలుసు. వదిలేశాక మళ్లీ వినపడనివాళ్లే ఎక్కువని కూడా తెలుసు. మీవారికి చెప్పండి.

కాలేజీలో మళ్లీ చేరే వీలుందేమో కనుక్కోవడం వేరు, కంచం ముందు ఎత్తిపొడవడం వేరు. మొదటిది ఆయన ఇవాళే చేయొచ్చు.

చుట్టాలకు చెప్పుకున్నది మీరే కదా, ఇదీ మీరే చెప్పేయండి. ‘ఆ కంపెనీతో అయిపోయింది, ఇంట్లోనే ఉంది’ అంటే చాలు. గుచ్చి అడిగేవాళ్ల ఫోను కొన్నాళ్లు ఎత్తకపోయినా కొంపేం మునగదు.

తిండీ నిద్రా రెండు వారాలైనా కుదుటపడకపోతే డాక్టరుకు చూపించండి. చచ్చిపోవాలనుందన్న మాట నోట వస్తే ఆలోచించకుండా 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. అమెరికాలో పగలూ రాత్రీ పలుకుతారు.

గిటారు మాత్రం బయటికి తీయకండి. తనకి ఎప్పుడు తీయాలనిపిస్తే అప్పుడే తీసుకుంటుంది.