ఛార్జ్‌ల పొటెన్షియల్ ఎనర్జీ లెక్కలు: మనవరాలికి లేఖ

చిరంజీవి అమ్మడికి, తాతయ్య ఆశీస్సులు.

పొటెన్షియల్ ఎనర్జీ చాప్టరంటేనే టెన్షన్‌గా ఉందన్నావు. నువ్వు పంపిన పేపర్ అంతా చూశాను. ఫార్ములా నీకు నోటికొచ్చు: రెండు ఛార్జ్‌ల లబ్ధాన్ని 9×10⁹తో గుణించి, వాటి మధ్య దూరంతో భాగించడమే. ఇబ్బందల్లా వాడే దగ్గరే. ఈ ఎనర్జీ ఏ ఒక్క ఛార్జ్‌దో కాదమ్మా, జతది. నువ్వేమో ఒక్కో ఛార్జ్‌కీ విడిగా లెక్కగట్టి కూడేస్తున్నావు. జవాబు రెట్టింపు రావడం అందుకే.

మొదట బొమ్మ గీసి, పక్కన జతలన్నీ రాసుకో. చతురస్రం మూలల్లో వరసగా ప్లస్, మైనస్, ప్లస్, మైనస్ సమాన ఛార్జ్‌లున్నాయనుకో. మొత్తం ఆరు జతలు. భుజాల మీది నాలుగూ విజాతి జతలే కాబట్టి, జతకి మైనస్ 1 చొప్పున మైనస్ 4. కర్ణాల మీది రెండూ సజాతివి, దూరం √2 రెట్లు, కాబట్టి రెండూ కలిపి ప్లస్ 1.414. మొత్తం మైనస్ 2.586. దీన్ని 9×10⁹తోనూ ఛార్జ్ వర్గంతోనూ గుణించి, భుజంతో భాగించు. దూరానికి వర్గం వద్దు, అది బలానికి. క్లాసులో చాలామంది కర్ణాలు మరిచిపోయి మైనస్ 4 దగ్గరే ఆగిపోయేవాళ్లు.

గుర్తులు మాత్రం అస్సలు వదలకు. బలం లెక్కల్లో గుర్తు తీసేసి దిశ విడిగా చూసే అలవాటు నీకు ఇక్కడా వచ్చేస్తోంది. ఎనర్జీకి దిశ ఉండదు, గుర్తులతో సహా కూడాల్సిందే. హైడ్రోజన్‌నే చూడు. ప్రోటాన్, ఎలక్ట్రాన్ జత పొటెన్షియల్ ఎనర్జీ మైనస్ 27.2 ఎలక్ట్రాన్ వోల్టులు (ఇంత చిన్న కణాల ఎనర్జీకి వాడే కొలత). ఎలక్ట్రాన్‌కి గతిశక్తి ప్లస్ 13.6 ఉంది. మొత్తం మైనస్ 13.6. అందుకే దాన్ని ఊడదీయడానికి 13.6 ఇస్తే చాలు. ఆ మైనస్ ఎందుకుందో ఈ ఒక్క పరమాణువుతో తెలిసిపోతుంది, నాకు ఎంతో ఇష్టమైన లెక్క ఇది.

ఛార్జ్‌లని వదిలేస్తే వేగం ఎంత అని అడిగినప్పుడు రెండూ కదులుతాయా, ఒకటి బిగించి ఉందా చూడు. నిశ్చలంగా ఉన్న ప్రోటాన్‌నీ ఆల్ఫా కణాన్నీ (రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లున్న హీలియం కేంద్రకం) పక్కపక్కన పెట్టి వదిలితే రెండింటి ద్రవ్యవేగాలూ సమానం. ఆల్ఫా ద్రవ్యరాశి దాదాపు నాలుగు రెట్లు కాబట్టి ఎనర్జీలో అయిదింట నాలుగు వంతులు ప్రోటాన్‌కే వెళ్తాయి.

ఇప్పుడు రూథర్‌ఫర్డ్ లెక్క చెయ్యి. 7.7 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ఆల్ఫా కణం బంగారం కేంద్రకానికి ఎదురుగా సూటిగా వస్తోంది. బంగారం పరమాణు సంఖ్య 79, కేంద్రకం కదలదనుకో. ఎంత దగ్గరికి రాగలదు? జవాబు 3×10⁻¹⁴ మీటర్లకి అటూ ఇటుగా రావాలి. రాకపోతే ఆ పేజీ కొట్టేయకుండా ఫోటో తీసి పంపు, ఆదివారం ఫోన్‌లో కూర్చుని చూద్దాం.

ఇట్లు,
తాతయ్య