పాటలోంచి పుట్టిన ఎపిసోడ్: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: మేడమ్, నేను ఇంజినీరింగ్ హాస్టల్ రోజుల్నుంచీ ఈగల్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ ఫ్యాన్‌ని. ఆ బ్యాండ్‌లో గ్లెన్ ఫ్రై ఏదో అమెరికన్ పోలీస్ సీరియల్‌లో యాక్ట్ చేశాడని మా ఫ్రెండ్ అన్నాడు, నేను నమ్మక వంద రూపాయలు పందెం కాశాను. నిజమేనా? హోటల్ కాలిఫోర్నియా పాడినాయన ఖాకీ డ్రెస్ వేసుకున్నాడా?
(ఓ పాఠకుడు, హన్మకొండ)

జవాబు: పందెం మీరు ఓడిపోయినట్టేనండీ, ఆ వంద ఇచ్చేయండి. కాకపోతే మీ ప్రశ్నలో రెండు సంగతులు సరిచెయ్యాలి. హోటల్ కాలిఫోర్నియా పాడింది ఫ్రై కాదు, డాన్ హెన్లీ, డ్రమ్స్ వాయిస్తూ పాడేది ఆయనే. రాసినవాళ్ళలో మాత్రం ఫ్రై ఉన్నాడు. ఫ్రై గొంతు కావాలంటే టేక్ ఇట్ ఈజీ, లయిన్ ఐస్, న్యూ కిడ్ ఇన్ టౌన్ వినండి, ఆ మెత్తదనం వేరే. ఇక రెండోది, ఆయన వేసింది పోలీసు వేషం కాదు, పైలట్ వేషం.

సీరియల్ పేరు మయామీ వైస్. 1984 నుంచి 1989 దాకా ఎన్‌బీసీ అనే అమెరికా టీవీ ఛానెల్‌లో వచ్చింది. ఫ్లోరిడాలో మయామీ ఊరు, క్రాకెట్, టబ్స్ అని ఇద్దరు అండర్‌కవర్ పోలీసులు, వాళ్ళు పట్టుకునేది ఎక్కువగా డ్రగ్స్ వాళ్ళని. ఫ్రై వచ్చిన ఎపిసోడ్ 1985 ఫిబ్రవరి 1న వేశారు, దాని పేరు స్మగ్లర్స్ బ్లూస్. ఆ పేరు ఎక్కడో విన్నట్టుంది కదా, ఎందుకంటే అది ఫ్రై పాటే, 1984లో వచ్చిన ఆయన సోలో ఆల్బమ్ ది ఆల్‌నైటర్‌లో ఉంది, జాక్ టెంప్‌చిన్‌తో కలిసి రాశాడు. అంటే ముందు పాట వచ్చింది, ఆ పాటని పట్టుకుని ఎపిసోడ్ కథ అల్లారు, ఆ తర్వాత పాట పాడినాయన్నే పిలిచి ఆ కథలో ఒక మనిషిని చేశారు. మనకి సినిమా కోసం పాట రాయడం తెలుసు, పాట కోసం కథ రాయడం, అదీ వారం వారం వచ్చే పోలీస్ సీరియల్‌లో, ఎంత అరుదో ఆలోచించండి.

కథ చెప్తా వినండి. డ్రగ్స్ వ్యాపారం చేసేవాళ్ళ కుటుంబాల్ని ఎవరో చంపేస్తుంటారు, చట్టం వైపున్న ఒక పెద్దమనిషి చెయ్యే ఇందులో ఉందని అనుమానం, అందుకని క్రాకెట్, టబ్స్ ఇద్దరూ ఎవరికీ తెలియకుండా స్మగ్లర్ల వేషంలో కొలంబియా వెళ్ళాలి. గవర్నమెంటు విమానంలో వెళ్ళలేరు కదా, ఇలాంటి సరుకు తిప్పడం అలవాటున్న పైలట్ కావాలి, ఆ పైలటే జిమ్మీ కోల్, ఆ పాత్రే ఫ్రై చేసింది. పాటలో స్మగ్లర్ తన గోడు తనే చెప్పుకుంటాడు, తెరమీద చూస్తే ఆ పాడేవాడే విమానం నడుపుతుంటాడు.

స్క్రిప్ట్ రాసింది మిగెల్ పిన్యేరో, ఈయన గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకి పోలేను. ప్యూర్టోరికోలో పుట్టి న్యూయార్క్‌లో పెరిగిన కవి, నాటక రచయిత, సింగ్ సింగ్ జైల్లో శిక్ష అనుభవించినవాడు. వీధి భాష, నేరం చేసేవాడి భయం ఆయనకి ఎవరో చెప్తే తెలిసినవి కావు. ఇదే సీరియల్ మొదటి ఎపిసోడ్లలో కాల్డెరోన్ అనే డ్రగ్స్ డాన్‌గా కూడా ఆయనే కనిపిస్తాడు. డైరెక్ట్ చేసింది పాల్ మైకేల్ గ్లేజర్, 70ల్లో స్టార్‌స్కీ అండ్ హచ్ అనే పోలీస్ సీరియల్‌లో స్టార్‌స్కీ ఆయనే. ఇంతమంది గట్టివాళ్ళు కలిసి చేశారు కాబట్టే ఫ్రై గెస్ట్ రోల్ ఏదో ముఖం చూపించి వెళ్ళిపోయినట్టు ఉండదు.

ప్రశ్న: అక్కా, పాటలు పాడేవాళ్ళని సీరియల్‌లో పెట్టడం పబ్లిసిటీ కోసమే కదా, అందులో గొప్పేముంది? మీరు ఈ ఎపిసోడ్‌ని ఇంత మెచ్చుకోవడానికి కారణం ఏంటి?
(ఓ పాఠకురాలు, తెనాలి)

జవాబు: చాలాసార్లు పబ్లిసిటీయే తల్లీ, కాదనను. పెళ్ళిళ్ళకి ఎమ్మెల్యే వచ్చినట్టు వచ్చి, అందరూ గుర్తుపట్టేలా ఒక నవ్వు నవ్వి వెళ్ళిపోయే గెస్ట్ రోల్స్ నేనూ బోలెడు చూశాను. ఇది అలాంటిది కాదని నాకు ఎలా తెలిసిందో చెప్తాను.

మా పెద్దనాన్నగారి అబ్బాయి న్యూజెర్సీ నుంచి సెలవులకి వస్తూ టీవీలో రికార్డ్ చేసిన కేసెట్లు కొన్ని తెచ్చాడు. అందులో ఇది ఒకటి. మా ఇంట్లో వీసీఆర్ ఇండియా టీవీకి సరిపోయే పాల్ సిస్టమ్‌ది, వాడు తెచ్చింది అమెరికా ఎన్‌టీఎస్‌సీ కేసెట్, పెట్టగానే బొమ్మ నిలబడలేదు, రంగు లేదు, కింద నుంచి పైకి దొర్లుతూనే ఉంది, మా తమ్ముడు టీవీ వెనకాల నాబ్ తిప్పితే ఒక్క క్షణం ఆగుతుంది, మళ్ళీ దొర్లుతుంది. సౌండ్ మాత్రం కాస్త సాగదీసినట్టున్నా వినబడుతూనే ఉంది. సరే, కళ్ళు నొప్పి పుడుతున్నాయని టీవీ వైపు చూడ్డం మానేసి నలుగురం కింద చాప మీద పడుకుని రేడియో నాటకం విన్నట్టు మొత్తం విన్నాం. ఇంగ్లీషు మాటలు సగం అర్థం కాలేదు. అయినా కథ అర్థమైంది! ఎందుకంటే సీన్ల మధ్య మధ్యలో ఆ పాట ముక్కలు ముక్కలుగా వస్తూ ఉంటుంది, ఆ స్లయిడ్ గిటార్ జుయ్యిమని సాగగానే ఏదో చెడు జరగబోతోందని తెలిసిపోయేది. మన బుర్రకథలో కథకుడు కథ ఆపి తంబురా మీద రెండు చరణాలు పాడి మళ్ళీ కథలోకి వచ్చినట్టు ఉందని మా అమ్మమ్మ అంది, ఆవిడకి ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు.

మర్నాడు వీధి చివర దుబాయ్ నుంచి తెచ్చుకున్న మల్టీ సిస్టమ్ వీసీఆర్ ఉన్నవాళ్ళింటికి వెళ్ళి బొమ్మతో సహా చూశాం, అప్పుడు తెలిసింది ఆ పైలట్ గొంతూ పాడే గొంతూ ఒకటేనని. ఒళ్ళు జలదరించింది నాకు, నిజంగా. ఒక గెస్ట్‌ని పిలవడమంటే ఇదీ అనిపించింది, ఆయన ముఖాన్ని కాదు, ఆయన పాటని కథలోకి పిలిచారు.

ప్రశ్న: డ్రగ్స్ స్మగ్లర్‌ని హీరోలా చూపించే పాట కదండీ, పిల్లలకి తప్పుడు మెసేజ్ వెళ్ళదా?
(ఓ టీచరు, అనంతపురం)

జవాబు: మీ భయం అర్థమవుతుందండీ, కానీ పాట అలా లేదు. స్మగ్లర్ బతుకు గొప్పదని ఎక్కడా అనదు, డబ్బాశతో దిగినవాడు ఎలా ఇరుక్కుపోతాడో, కొనేవాళ్ళున్నంతకాలం అమ్మేవాళ్ళు ఎలా పుట్టుకొస్తారో, ఇందులో రాజకీయం ఎంతుందో చెప్తుంది. టైటిల్లో బ్లూస్ అంటే కూడా అదే, గోడు, విచారం. అప్పటి మయామీ పరిస్థితి తెలిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. కొలంబియా కొకెయిన్ అమెరికాలోకి దిగే పెద్ద గుమ్మం ఆ ఊరు, 1979 జూలైలో డేడ్‌లాండ్ మాల్‌లో పట్టపగలు కాల్పులు జరిగాయి, 1981లో టైమ్ పత్రిక దక్షిణ ఫ్లోరిడా మీద కవర్ స్టోరీయే వేసింది. డ్రగ్స్ వాళ్ళ దగ్గర జప్తు చేసిన ఆస్తుల్ని పోలీసులే వాడుకోవచ్చనే చట్టం ఉంది, సీరియల్ సృష్టికర్త ఆంథనీ యెర్కోవిచ్‌కి ఐడియా వచ్చింది అక్కడే, మామూలు జీతం తీసుకునే పోలీసు ఫెరారీలో ఎలా తిరుగుతాడని మీ స్టూడెంట్స్ అడిగితే అదే జవాబు.

ప్రశ్న: ఫ్రై ఒక్కడేనా, ఇంకా రాక్ స్టార్స్ ఎవరైనా వచ్చారా ఇందులో?
(ఓ పాఠకుడు, కాకినాడ)

జవాబు: బాబోయ్, ఒకరా ఇద్దరా. ఫిల్ కాలిన్స్ 1985 డిసెంబర్‌లో టీవీ క్విజ్ షో నడిపే మోసగాడిగా వచ్చాడు, చిన్నప్పుడు లండన్‌లో ఆలివర్ నాటకంలో వేషం వేసినవాడు కాబట్టి నటన కొత్తేం కాదు. టెడ్ నూజెంట్ హంతకుడు, ఫ్రాంక్ జాపా డ్రగ్స్ బాస్, కిస్ బ్యాండ్ జీన్ సిమన్స్ కూడా డ్రగ్స్ డీలరే. రాక్ వాళ్ళే కాదు, జాజ్ నుంచి మైల్స్ డేవిస్, పాటల కవి లెనార్డ్ కోహెన్, ఆఖరికి జేమ్స్ బ్రౌన్ కూడా వచ్చారు.

వీళ్ళందరిలో నా మనసుకి దగ్గరైనది లిటిల్ రిచర్డ్. రాక్ అండ్ రోల్ పుట్టినప్పుడు ఉన్న మనిషి ఆయన. ఔట్ వేర్ ద బసెస్ డోంట్ రన్ అనే ఎపిసోడ్‌లో, అది 1985 అక్టోబర్‌లో వచ్చింది, పాస్టర్‌గా కనిపిస్తాడు. చూసేవాళ్ళకి అది వేషం అనిపించొచ్చు గానీ నిజ జీవితంలో 1957లో మంచి పేరు మీదుండగా పాటలు వదిలేసి దేవుడి దారిలోకి వెళ్ళి బైబిల్ చదువుకుని బోధకుడైన మనిషి, మళ్ళీ పాటలకొచ్చాడు, మళ్ళీ చర్చికెళ్ళాడు, ఆ లాగులాట జీవితమంతా ఉంది. అందుకే ఆ కాసేపు కనిపించినా కళ్ళు తిప్పుకోలేం. ఆ ఎపిసోడ్ చివర్లో డైర్ స్ట్రెయిట్స్ బ్యాండ్ వాళ్ళ బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్ పాట పెట్టారు, పిచ్చిగా తిరుగుతున్న ఒక మాజీ పోలీసు ఏళ్ళ తరబడి వెతుకుతున్నానని చెప్పిన మనిషి శవాన్ని గోడ పగలగొట్టి తనే చూపిస్తాడు, చంపి అందులో పెట్టింది తనే. ఆ సీన్ దగ్గర మాటలు దాదాపు ఉండవు, పాటే నడిపిస్తుంది.

ప్రశ్న: అంత పెద్ద పాటలు టీవీ సీరియల్‌కి ఎలా దొరికాయి?
(ఓ పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: డబ్బు పెట్టారండీ. మామూలుగా టీవీ వాళ్ళు ఎవరో గొంతుతో అనుకరించి పాడించేవాళ్ళు, వీళ్ళు ఒరిజినల్ రికార్డింగ్‌ల హక్కులు కొనడానికి ఎపిసోడ్‌కి 10,000 డాలర్లు, అంతకుపైన కూడా ఖర్చుపెట్టారు. ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ మైకేల్ మాన్ పట్టుదల అది. 1984 సెప్టెంబర్‌లో మొదటి ఎపిసోడ్‌లోనే ఫిల్ కాలిన్స్ పాట ఇన్ ది ఎయిర్ టునైట్ పెట్టి రాత్రి రోడ్డు మీద కారు, తిరిగే చక్రం, బానెట్ మీద జారే లైట్లు, మధ్యలో ఫోన్ బూత్ దగ్గర ఆగి క్రాకెట్ విడిపోయిన భార్యకి ఫోన్ చెయ్యడం, అంతే, తుపాకీ లోడ్ చేసుకోవడం తప్ప ఇంకేం జరగదు, అయినా ఊపిరి బిగబట్టి చూస్తాం. పెట్టిన డబ్బు తిరిగొచ్చింది కూడా, సీరియల్ పాటల ఆల్బమ్ అమెరికాలో 11 వారాలు నంబర్ వన్, యాన్ హామర్ చేసిన థీమ్ మ్యూజిక్ 1985 నవంబర్‌లో సింగిల్స్ చార్ట్‌లో నంబర్ వన్.

ప్రశ్న: ఫ్రై తర్వాత యాక్టింగ్ కంటిన్యూ చేశాడా మేడమ్? ఆ ఎపిసోడ్ వల్ల ఆయనకేం లాభం?
(ఓ తెలుగు పాఠకురాలు, డాలస్)

జవాబు: పాటకి చాలా లాభం. ఎపిసోడ్ తర్వాత స్మగ్లర్స్ బ్లూస్ బిల్‌బోర్డ్ అనే అమెరికా పాటల చార్ట్‌లో 12వ స్థానం దాకా వెళ్ళింది, వీడియోకి 1985లో ఎంటీవీ అవార్డు వచ్చింది. అదే ఏడాది మయామీ వైస్ కోసమే యు బిలాంగ్ టు ద సిటీ పాడాడు, అది 2వ స్థానం. బెవర్లీ హిల్స్ కాప్ సినిమాలో ది హీట్ ఈజ్ ఆన్ కూడా 2వ స్థానమే. సోలోగా ఆయన పెద్ద హిట్లు రెండూ పోలీసు కథల్లోంచే వచ్చాయి.

నటన మాత్రం అంత కలిసిరాలేదు, అది చెప్పడానికి నాకు బాధగానే ఉంది. 1993లో సీబీఎస్‌లో సౌత్ ఆఫ్ సన్‌సెట్ అని డిటెక్టివ్ సీరియల్‌లో హీరోగా వేస్తే ఒక్కటంటే ఒక్క ఎపిసోడ్ వేసి ఆపేశారు. ఆ మరుసటేడే ఈగల్స్ మళ్ళీ కలిశారు, 1980లో విడిపోయినవాళ్ళు 14 ఏళ్ళకి. 1996లో జెర్రీ మగ్వైర్ సినిమాలో ఫుట్‌బాల్ టీమ్ మేనేజర్‌గా చిన్న పాత్ర ఉంది, బాగా చేశాడు. 2016 జనవరి 18న న్యూయార్క్‌లో పోయాడు, 67 ఏళ్ళు. ఆ రోజు నేను పెట్టుకున్నది టేక్ ఇట్ ఈజీ కాదు, స్మగ్లర్స్ బ్లూసే.

ప్రశ్న: సీఎస్ఐ అనే అమెరికన్ క్రైమ్ సీరియల్ టైటిల్ సాంగ్ పాడినాయన కూడా అందులో యాక్ట్ చేశాడంటారు, నిజమేనా?
(ఓ పాఠకుడు, సికింద్రాబాద్)

జవాబు: నిజం. ఏఎక్స్ఎన్ ఛానెల్‌లో చూసేవాళ్ళం కదా, ఆ హూ ఆర్ యు పాట ది హూ బ్యాండ్‌ది, పాడింది రోజర్ డాల్ట్రీ, 2006లో ఒక ఎపిసోడ్‌లో రకరకాల మారువేషాల్లో తిరిగే మనిషిగా వచ్చాడు. మేకప్ చూడముచ్చటగా ఉంటుంది, కానీ అక్కడ పాట టైటిల్ దగ్గరే ఆగిపోతుంది, కథలోకి రాదు, నాకు ఫ్రైదే ఇష్టం.

ప్రశ్న: ఇప్పుడు చూడాలంటే ఎలా మొదలుపెట్టాలి అక్కా? మొత్తం సీరియల్ చూసే ఓపిక లేదు.
(ఓ డిగ్రీ స్టూడెంట్, శ్రీకాకుళం)

జవాబు: మొత్తం అక్కర్లేదమ్మా. ముందు పాట ఒక్కటే రెండుసార్లు విను, పక్కన లిరిక్స్ పెట్టుకుని. తర్వాత మొదటి సీజన్‌లో ఆ ఎపిసోడ్ పెట్టు. ఫోన్ స్పీకర్ మీద మాత్రం వద్దు, అమెరికా టీవీలో స్టీరియోలో వచ్చిన మొదటి సీరియల్స్‌లో ఇదొకటి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒక్క పది నిమిషాలు కళ్ళు మూసుకుని విను. తర్వాత మళ్ళీ మొదట్నుంచి చూడు.