మూలనపడ్డ హామ్ క్లబ్బును మళ్లీ నిలబెట్టాలంటే

చి॥ శైలజకు,

ఆశీస్సులు. మీ కాలేజీ హామ్ (ఔత్సాహిక రేడియో) క్లబ్బు బాధ్యత నీకు అప్పజెప్పారనీ, గదిలో రేడియో సెట్టు ఉన్నా కొత్త పిల్లలెవరూ గడప తొక్కడం లేదనీ రాశావు. ఏం చేయాలని అడిగావు కాబట్టి తెలిసినంతా రాస్తున్నాను. ఉత్తరం పెద్దదే అవుతుంది, తీరిగ్గా చదువుకో.

ముందు ఆ నోటీసు బోర్డు మీద "ప్రపంచంతో మాట్లాడండి" అన్న మాట ఉంటే తీసేయించు. ట్రంక్ కాల్ బుక్ చేసి గంటల తరబడి ఎదురుచూసిన రోజుల్లో ఆ మాటకు విలువ ఉండేది. ఇప్పుడు డాలస్‌లో ఉన్న అక్కతో రోజూ వీడియోలో మాట్లాడే పిల్లవాడికి, గరగరమనే శబ్దాల మధ్య ఇటలీ వాడి పేరు వినిపిస్తే ఏం గొప్ప? ఆ పోటీలో ఫోను గెలిచింది. ఇంకా మనం దాన్నే అమ్మజూస్తున్నాం కాబట్టే ఎవరూ రావడం లేదు. మధ్యలో ఏ కంపెనీ టవరూ కేబులూ లేకుండా తరంగం ఇక్కణ్ణుంచి అక్కడికి ఎలా పోతుందో తన చేత్తో చేసి తెలుసుకోవడం, అది మాత్రం ఫోను ఇవ్వలేదు. క్లబ్బును దాని చుట్టూ కట్టు.

నిజానికి పిల్లలకు రేడియో మీద ఆసక్తి పోలేదమ్మా, వేరే గదిలోకి మారింది. మీ రోబోటిక్స్ ల్యాబులోకి వెళ్లి చూడు. లోరా మాడ్యూల్ (తక్కువ పవరుతో సమాచారం పంపే చిన్న రేడియో ముక్క) రెండు వందల మీటర్లు కూడా అందడం లేదని తల పట్టుకున్నవాళ్లు ఇద్దరైనా ఉంటారు. అది 865–868 మెగాహెర్ట్జ్, లైసెన్సు అక్కర్లేని బ్యాండు. మాడ్యూల్‌తో వచ్చే స్ప్రింగు యాంటెన్నా తీసేయించి, 8.2 సెంటీమీటర్ల రాగి తీగ నిలువుగానూ, అంతే పొడవున్న నాలుగు తీగలు కింద 45 డిగ్రీలు వంచీ పెట్టించు. డాబా ఎక్కించి దూరం మళ్లీ కొలవమను. ఫలితం చూసిన పిల్లలు ఎందుకని అడుగుతారు. ఆ ప్రశ్నతో వచ్చినవాళ్లే నీ మొదటి సభ్యులు. పోస్టరు చూసి వచ్చిన యాభై మంది కంటే వీళ్లు నలుగురు నయం.

వచ్చినవాళ్లు జారిపోయే చోటు లైసెన్సు పరీక్ష. పరీక్ష కష్టమని కాదు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కూడా అక్కర్లేదు, కొంత రేడియో సిద్ధాంతం, కొన్ని నియమాలు చదివితే చాలు. చదువు చెప్పించుకోవాలంటే హైదరాబాదులో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉండనే ఉంది. చిక్కంతా దరఖాస్తు పెట్టిన రోజుకూ కాల్ సైన్ (లైసెన్సుతో ఇచ్చే స్టేషను పేరు) చేతికొచ్చే రోజుకూ మధ్య ఉన్న నెలల్లో ఉంది. ఆ నెలల్లో చేతికి పని లేకపోతే మనసు వేరే వైపు పోతుంది. లైసెన్సు లేకుండా పీటీటీ (ప్రసారానికి నొక్కే బటను) నొక్కడం నేరం, అందులో రాజీ లేదు. అందుకే ఆ కాలమంతా వినే పనులతో నింపు.

మొదటి పని వాతావరణ ఉపగ్రహం నుంచి బొమ్మ దించడం. ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటరుకు తగిలించే చిన్న రిసీవరు) ఒకటి, 53.4 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీలు రెండు. వాటిని 120 డిగ్రీల కోణంలో వి ఆకారంలో, నేలకు సమాంతరంగా, తెరిచిన వైపు ఉత్తరానికో దక్షిణానికో ఉండేలా బిగించాలి. పాత పాఠాలన్నీ అమెరికా ఉపగ్రహాలు నోవా 15, 18, 19 గురించి చెబుతాయి. అవి 2025లో ఆగిపోయాయి, వాటి కోసం పిల్లల్ని ఎండలో నిలబెట్టకు. ఇప్పుడు రష్యా మెటియోర్ ఉపగ్రహాలను 137.9 మెగాహెర్ట్జ్ దగ్గర పట్టి, సాట్‌డంప్ అనే సాఫ్ట్‌వేరుతో విప్పాలి. మొదటిసారి బొమ్మ రాకపోతే చాలావరకు కారణం ఊళ్లోని ఎఫ్‌ఎం స్టేషన్లు. గెయిన్ (సిగ్నలును పెంచే మోతాదు) చివరిదాకా పెంచితే 88–108 మెగాహెర్ట్జ్‌లోని బలమైన సిగ్నళ్లు డాంగిల్‌ను ముంచేస్తాయి. గెయిన్ తగ్గించి చూడు, చాలకపోతే ఎఫ్‌ఎం సిగ్నళ్లను ఆపే నాచ్ ఫిల్టరు పెట్టు.

రెండో పనికి పాత డీటీహెచ్ డిష్ చాలు. 25.9 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఖతార్ ఉపగ్రహం ఒకటి ఉంది, అందులో హాముల కోసం క్యూఓ-100 అనే ట్రాన్స్‌పాండరు (అందిన సిగ్నలును తిరిగి నేలకు పంపే పరికరం) 2019 నుంచి నడుస్తోంది. హైదరాబాదు నుంచి అది 257 డిగ్రీల దిక్కున, 28 డిగ్రీల ఎత్తులో, కదలకుండా ఉంటుంది. 60 సెంటీమీటర్ల డిష్, 9,750 మెగాహెర్ట్జ్ లోకల్ ఆసిలేటరున్న యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండి, సిగ్నలు ఫ్రీక్వెన్సీని అంత మేర కిందికి దించే పెట్టె) పెడితే 10,489.5 మెగాహెర్ట్జ్ సిగ్నలు 739.5 దగ్గరకు దిగి వస్తుంది. ఎల్‌ఎన్‌బీకి 13 వోల్టులు ఇవ్వాలి, డాంగిల్‌లోని బయాస్ టీ (కేబులు గుండానే కరెంటు పంపే ఏర్పాటు) ఇచ్చే నాలుగున్నర సరిపోదు. బయటి బయాస్ టీ వాడండి, కానీ ఆ 13 వోల్టులు పొరపాటున డాంగిల్‌లోకి వెళ్తే అది అక్కడితో సరి. ఎండ ఎక్కేకొద్దీ ఎల్‌ఎన్‌బీ వేడెక్కి సిగ్నలు పక్కకు జరుగుతుంది, కంగారు పడకుండా ఎప్పుడూ వినిపించే గుర్తు సిగ్నలు బీకన్‌ను చూసుకుని సరిచేసుకోమను. 2005 మే 5న శ్రీహరికోట నుంచి కార్టోశాట్-1తో పాటు వెళ్లిన మన హామ్‌శాట్ ఉపగ్రహం సంగతి కూడా అప్పుడే చెప్పు. అది 2014 దాకా పనిచేసింది, ఆ ఊసు ఈ తరానికి తెలియదు.

ఇక కాల్ సైన్ వచ్చాక యాంటెన్నా. ఇక్కడే ఎక్కువ క్లబ్బులు చతికిలపడతాయి. లక్ష రూపాయల సెట్టు కొని, దానికి ఎలాంటి తీగ పడితే అలాంటి తీగ తగిలించి, ఏమీ వినిపించడం లేదని గదికి తాళం వేస్తారు. మీరు 40 మీటర్ల బ్యాండుకు ఇన్వర్టెడ్ వి (నడుమ ఎత్తి, రెండు చేతులూ కిందికి వాల్చిన తీగ డైపోల్) కట్టండి. 143ను మెగాహెర్ట్జ్‌లో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు 20.14 మీటర్లు, అంటే ఒక్కో వైపు 10.07. ఇళ్ల వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు. కోసేటప్పుడు ఒక్కో వైపు 10.4 మీటర్లు కోయండి, ఎక్కువుంటే తగ్గించొచ్చు. పైకెత్తి నానో వీఎన్‌ఏ అనే చిన్న కొలత పరికరంతో చూస్తే ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవరు ఎంత వెనక్కి వస్తుందో చెప్పే అంకె) ఎక్కడ కనిష్ఠమో తెలుస్తుంది. అది 6.9 దగ్గర ఉందనుకో, మొత్తం పొడవు 20.8ని 6.9తో గుణించి 7.1తో భాగిస్తే 20.21 వస్తుంది. ఒక్కో వైపు 29 సెంటీమీటర్లు ఎక్కువున్నట్టు లెక్క. అదంతా ఒకేసారి తీసేయకుండా, సగం వెనక్కి మడిచి చుట్టి, మళ్లీ ఎత్తి కొలవాలి. కొలత ఎప్పుడూ పైకెత్తాకే. నేల దగ్గర కొలిచిన అంకె పైన నిలవదు.

నడిమి భాగం 9, 10 మీటర్ల ఎత్తులో, రెండు చేతుల మధ్య కోణం 90 డిగ్రీలకు తగ్గకుండా, చివరలు మనిషి చేతికి అందనంత ఎత్తులో ఉండాలి. ప్రసారం చేసేటప్పుడు చివరల్లో వోల్టేజి ఎక్కువ, తాకితే కాలుతుంది. మధ్యలో 1:1 బాలన్ (కేబులు తొడుగు మీదికి కరెంటు పారకుండా ఆపే చుట్ట) తప్పనిసరి. ఎఫ్‌టీ240-43 ఫెరైట్ రింగు మీద ఆర్‌జీ-58 కేబులు పన్నెండు చుట్లు చుడితే అయిపోతుంది. అది లేకపోతే కోయాక్స్ (యాంటెన్నా కేబులు) పై తొడుగు కూడా యాంటెన్నాలో భాగమై, గదిలోని కంప్యూటర్లు మొరాయిస్తాయి, గదిలోని రొదంతా సెట్టులోకి వస్తుంది. ఆర్‌జీ-58 ఇరవై మీటర్లు 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక డెసిబెల్ లోపే తింటుంది కానీ, అదే ముక్కను 145 మెగాహెర్ట్జ్‌కు వాడితే సగం పవరు పైగా కేబులులోనే పోతుంది. అలాంటి వీహెచ్ఎఫ్ ఫ్రీక్వెన్సీలకు మంచి కేబులు వేరే కొనాలి. జాయింట్లకు సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు చుట్టకపోతే తొలి వానకే నీళ్లు అల్లిక వెంట లోపలికి పాకుతాయి. కరెంటు లైన్ల మీదుగానూ కిందనుంచీ తీగ ఎన్నడూ లాగొద్దు, తెగితే ప్రాణం పోతుంది. వేసవిలో ఉరుములు మొదలవగానే కోయాక్స్ ఊడదీసి గది బయట పెట్టించు.

ఈ ఎత్తులో డైపోల్ శక్తినంతా దాదాపు నిట్టనిలువుగా పైకి పంపిస్తుంది, అది అయనోస్ఫియరును (తరంగాలను తిప్పి పంపే ఆకాశపు పొరను) తాకి చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్లలో పడుతుంది. అందుకే పగలు హైదరాబాదు నుంచి విజయవాడ హాయిగా వినిపిస్తుంది. చీకటిపడ్డాక పై పొర పలచబడి నిలువు తరంగాన్ని వెనక్కి పంపలేదు, దగ్గరి ఊళ్లు మాయమై దూరపువి వస్తాయి. సెట్టు పాడైందని పిల్లలు అనుకునేది అప్పుడే. గంటగంటకూ ఎవరెవరు వినిపించారో గోడ మీద పట్టిక కట్టించు. వారం తిరిగేసరికి వాళ్లే కారణం వెతుకుతారు.

తర్వాతిది సెట్టులో వినిపించే రొద. ఊళ్లలో ఈ హాబీని నిశ్శబ్దంగా చంపుతున్నది ఇదే, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఎల్‌ఈడీ బల్బుల డ్రైవర్లు, ఫోను చార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లు అన్నీ హెచ్‌ఎఫ్‌లో (మన 40 మీటర్ల బ్యాండున్న షార్ట్‌వేవ్‌లో) గోల చేస్తాయి. సెట్టును 12 వోల్టుల బ్యాటరీ మీద నడిపిస్తూ భవనం మెయిన్ ఆపించు. సిగ్నలు బలం చూపే ఎస్ మీటరు ఎంత పడిందో రాసుకో. తర్వాత ఎంసీబీలు ఒక్కొక్కటే వేస్తూ రొద ఎక్కడ లేస్తుందో చూడు. రొద ఎస్ 7 నుంచి ఎస్ 3కి దిగితే అది 24 డెసిబెల్స్, అంటే దాదాపు 250 రెట్లు. అవతలివాడు తన 100 వాట్లను 25,000 చేసుకుంటే నీకెంత మేలో, చెడ్డ చార్జరు ఒకటి పీకేస్తే అంత మేలు. పీకలేని వాటి వైర్ల మీద మిక్స్ 31 రకం ఫెరైట్ క్లిప్పులు, ఒక్క చుట్టు కాకుండా నాలుగైదు చుట్లు తిప్పి పెట్టండి. ఒక్క చుట్టుతో హెచ్‌ఎఫ్‌లో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

కట్టడం మాత్రం మానొద్దు. సెట్టు కొనుక్కుని మాట్లాడి ఊరుకునే అలవాటు వచ్చాకే ఈ హాబీలో సగం రసం ఇంకిపోయిందని నా గట్టి నమ్మకం. మన హైదరాబాదుకే చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిటెక్స్ సర్క్యూట్‌తో ప్రపంచమంతా ఎస్‌ఎస్‌బీ (హాములు మాట్లాడుకునే ఒక పద్ధతి) సెట్లు కట్టుకుంది, మన పిల్లలకు ఆ పేరే తెలియదు. ఒకేసారి అందరితో కట్టించకు, ఇద్దరికో బోర్డు. ఎక్కడ చెడుతుందో ముందే చెబుతాను. కాయిల్ తీగ మీది ఎనామెల్ పూర్తిగా గీకకుండా సాల్డరు చేస్తారు, పైకి బాగానే ఉంటుంది, కరెంటు పోదు. ప్రతి కాయిల్‌నూ మల్టీమీటరుతో చూడాలి. ఫిల్టరుకు నాలుగు క్రిస్టళ్లు కావాలంటే పదిహేను కొని, ఒకదానికొకటి 100 హెర్ట్జ్ లోపు తేడా ఉన్నవి ఏరాలి. పవరు ట్రాన్సిస్టరు ఐఆర్‌ఎఫ్ 510 ట్యాబు డ్రెయిన్‌కు కలిసి ఉంటుంది, మైకా లేకుండా హీట్ సింకుకు బిగిస్తే షార్ట్. బయాస్ ప్రీసెట్ (ఆ ట్రాన్సిస్టరు కరెంటును సరిచేసే మర) సున్నాలో పెట్టి, యాంటెన్నా బదులు పవరును మింగే డమ్మీ లోడు తగిలించాకే కరెంటు చూస్తూ మెల్లగా పెంచాలి. తొందరపడితే పొగే.

ఎఫ్‌టీ8 (కంప్యూటరుతో చిన్న సందేశాలు పంపే పద్ధతి) గురించి పాతవాళ్లు మొహం చిట్లిస్తారు, కంప్యూటర్లు మాట్లాడుకుంటుంటే మనుషులెందుకని. 2017లో అది వచ్చాక బ్యాండ్ల మీద గొంతులు తగ్గిన మాట నిజమే. అయినా ఆపకు. రొదకు ఇరవై డెసిబెల్స్ కింద ఉన్న సిగ్నలును కూడా విప్పుతుంది కాబట్టి, డాబా మీద చిన్న తీగతో హాస్టలు పిల్లవాడికి జపాను అందేది దానితోనే. కంప్యూటరు గడియారం సెకను లోపు సరిగ్గా ఉండాలి, సెట్టులోని ఏఎల్‌సీ మీటరు కదలకుండా ఆడియో తగ్గించాలి, 100 వాట్ల సెట్టయితే 30 దాటించొద్దు. 15 సెకన్లలో 12.6 సెకన్లు ఆగకుండా ప్రసారం చేస్తుంది, ఫైనల్స్ (చివరి పవరు ట్రాన్సిస్టర్లు) వేడెక్కి పోతాయి. అక్కడే ఆగిపోకుండా శనివారం సాయంత్రం ఒక గంట నోటితో మాట్లాడే నెట్ (అందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలిసే కూడిక) పెట్టు. కొత్తవాడు తడబడితే సరిదిద్దే పని మైకులో చేయొద్దని పెద్దలకు ముందే చెప్పు. నలుగురిలో గద్దించబడిన పిల్ల మళ్లీ పీటీటీ ముట్టుకోదు. పాతవాళ్ల తీరు వల్ల పోయిన సభ్యులు ఫోను వల్ల పోయినవాళ్ల కంటే తక్కువేమీ కాదు.

తుఫాను సేవ పేరు చెప్పి సభ్యుల్ని చేర్చుకోవచ్చా అని అడిగావు. 2004 సునామీ నాడు హామ్ భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి చేసిన పని చిన్నది కాదు, చెప్పుకోవాల్సిందే. కానీ సాధన లేని హామ్ విపత్తులో అడ్డమే. నెలకోసారి బ్యాటరీ మీద స్టేషను నడిపి, 25 మాటల సందేశాన్ని రాసుకుని పంపి, అవతల అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారో లేదో సరిచూడండి. పేర్లు, మందుల పేర్లు, అంకెలు తప్పుతాయి. వాటినే ఎక్కువగా ఇవ్వు. ఏడాది అలా చేశాక జిల్లా అధికారుల దగ్గరకు వెళ్లు, ముందు వెళ్లకు.

డైపోల్ ఎత్తాక 6.5 నుంచి 7.5 మెగాహెర్ట్జ్ దాకా నానో వీఎన్‌ఏ గ్రాఫు ఫోటో తీసి పంపు. అది చూసే వరకు వైరు కోయనివ్వకు.

ఇట్లు,
మీ బాబాయి