మంచు కురిసే ఊళ్లో ఇంటికి ఏ స్నోబ్లోవర్ కొనాలి?

ప్రశ్న: మా అమ్మాయీ అల్లుడూ అమెరికాలో బఫెలో నగర శివార్లలో ఇల్లు కొన్నారు. వీధి నుంచి గ్యారేజీ దాకా రెండు కార్లు పక్కపక్కన పట్టేటట్లు 20 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు ఉన్న డ్రైవ్‌వే ఉంది. అందులో ఇంటి పక్కగా పోయే భాగానికి సిమెంటు లేదు, కంకరే పరిచారు. అల్లుడు ఉద్యోగం పని మీద తరచుగా వేరే ఊళ్లు వెళ్తుంటాడు. అమ్మాయి కాన్పు కోసం డిసెంబరులో మేమిద్దరం వెళ్తున్నాం. మంచును తోడి దూరంగా చిమ్మే స్నోబ్లోవర్ యంత్రాల్లో బ్యాటరీతో నడిచే చిన్నది చాలని అమ్మాయి, పెట్రోలుతో నడిచే పెద్దదే కావాలని అల్లుడు అంటున్నారు. గుండెకు స్టెంటు వేయించుకున్న మావారు మాత్రం యంత్రమెందుకు, పారతో నేనే ఎత్తిపోస్తానంటున్నారు. ఏది సరైనదో చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు చివర రాసిన సంగతికే ముందుగా జవాబు చెప్పాలి. మీవారు పార పట్టకూడదు. గడ్డకట్టే చలిలో రక్తనాళాలు కుంచించుకుపోయి రక్తపోటు పెరుగుతుంది. అదే సమయంలో ఊపిరి బిగబట్టి చేతులతో బరువెత్తితే గుండె మీద రెట్టింపు భారం పడుతుంది. మంచు ఎత్తేటప్పుడు వచ్చే గుండెపోట్ల గురించి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ హెచ్చరిస్తూ వస్తున్నది కూడా ఇందుకే. ఆ బరువు ఎంతో ఒకసారి లెక్క వేసి మీవారికి చూపించండి. మీరు చెప్పిన కొలతల డ్రైవ్‌వే మీద ఒక్క అడుగు మందాన మంచు పడితే అది 1,000 ఘనపుటడుగులు, అంటే సుమారు 28 ఘనపు మీటర్లు. అప్పుడే కురిసిన తేలికపాటి మంచును ఘనపు మీటరుకు 100 కిలోల చొప్పున లెక్కించినా 2,800 కిలోలవుతుంది. మన మిర్చి యార్డు లెక్కలో చెప్పాలంటే అరవై టిక్కీలకు (బస్తాలకు) పైమాటే. నీరు పట్టిన మంచయితే ఇది రెండు మూడింతలవుతుంది.

ఇక యంత్రం సంగతి. బఫెలోలో మంచు అన్నిచోట్లా పడే తీరున పడదు. ఈరీ సరస్సు నీరు ఇంకా వెచ్చగా ఉన్న నవంబరు, డిసెంబరు నెలల్లో దాని మీదుగా వీచే చల్లగాలి తేమను పీల్చుకుని, ఒడ్డు దాటగానే సన్నని పట్టీలుగా కుమ్మరిస్తుంది. ఒక పేట మునిగిపోతే కొద్ది మైళ్ల అవతల నేల కనిపిస్తూనే ఉంటుంది. అక్కడ ఏడాది సగటు హిమపాతం 95 అంగుళాల దరిదాపుల్లో ఉంటుంది. 2022 నవంబరులో దక్షిణ శివారు ఆర్చర్డ్ పార్కులో కొద్ది రోజుల్లోనే 80 అంగుళాలు పడింది. అందువల్ల మీవాళ్ల ఇల్లు నగరానికి ఏ దిక్కున ఉందో, ఇరుగుపొరుగువారు ఏ యంత్రం వాడుతున్నారో మొదట కనుక్కోమనండి. దుకాణం వారి సలహా కంటే అది విలువైనది.

అయితే ఆకాశం నుంచి పడే మంచు కన్నా ఇబ్బంది పెట్టేది మరొకటి ఉంది. పురపాలక సంస్థ స్నోప్లౌ బండి వీధిని శుభ్రం చేస్తూ పోయినప్పుడు, పక్కకు నెట్టిన మంచంతా ప్రతి ఇంటి డ్రైవ్‌వే మొదట్లో గట్టుగా మిగులుతుంది. ఉప్పు కలిసి, చక్రాల కింద నలిగి, గడ్డలుగా బిగిసిన ఆ గట్టు దాటితే తప్ప కారు బయటికి రాదు. స్నోబ్లోవర్‌ను ఎంచుకోవలసింది ఈ గట్టును దృష్టిలో పెట్టుకొనే అని నా గట్టి అభిప్రాయం.

సింగిల్ స్టేజ్ యంత్రంలో రబ్బరు అంచున్న ఒకే ఆగర్ (ముందుభాగంలో గుండ్రంగా తిరిగే తెడ్డు) మంచును గీరి, తానే బయటికి విసురుతుంది. తేలికైనది, నేలను శుభ్రంగా గీరుతుంది, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల మంచుకు చక్కగా సరిపోతుంది. కానీ ఆగర్ నేలను తాకుతూ తిరుగుతుంది కాబట్టి కంకర మీద నడిపితే రాళ్లను ఏరి విసురుతుంది; పైన చెప్పిన గట్టు ముందు చతికిలబడుతుంది. టూ స్టేజ్ యంత్రంలో ఉక్కు ఆగర్ మంచును ముక్కలు చేసి లోపలికి లాగితే, వెనకనున్న ఇంపెల్లర్ (వేగంగా తిరిగే రెక్కల చక్రం) దాన్ని గొట్టం గుండా దూరంగా చిమ్ముతుంది. చక్రాలు ఇంజను బలంతోనే నడుస్తాయి. ఇరువైపులా నేల మీద జారే పాదాల్లా ఉండే స్కిడ్ షూలను దించి బిగిస్తే ఆగర్ నేలకు ఒక అంగుళం ఎత్తున నిలుస్తుంది, కంకరకు తగలదు. మీవాళ్ల డ్రైవ్‌వేలో కంకర ఉందన్న ఒక్క కారణంతోనే నేను టూ స్టేజ్ వైపు మొగ్గుతాను.

అమ్మాయి మాట తీసిపారేయదగినది కాదు. బ్యాటరీ యంత్రాన్ని స్టార్టు చేయడానికి తాడు లాగే పని లేదు, పొగ లేదు, చప్పుడు తక్కువ. డ్రైవ్‌వే అంతా సిమెంటుదై, మంచు ఓ మోస్తరుగా పడే ఊరైతే నేను అదే చెప్పేవాణ్ణి. కానీ చలి పెరిగేకొద్దీ బ్యాటరీ సత్తువ తగ్గుతుంది; గట్టు సగంలో ఉండగా అది అయిపోతే చార్జింగు అయ్యేదాకా ఆగక తప్పదు. 24 నుంచి 26 అంగుళాల వెడల్పు, 200 సీసీకి పైబడిన ఇంజను, గోడ ప్లగ్గుకు తగిలించి స్టార్టు చేసే ఎలక్ట్రిక్ స్టార్టర్, సులువుగా మలుపు తిరిగే ఏర్పాటు ఉన్న పెట్రోలు యంత్రం కొనమని అల్లుడికి చెప్పండి. ఇంకా వెడల్పాటిది ఈ డ్రైవ్‌వేకు అవసరం లేదు. ఇది వంద కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది కాబట్టి అల్లుడు కొనేముందు దుకాణంలో స్వయంగా పట్టుకుని తిప్పి చూడాలి. ఆగర్‌కు రాయో మంచుగడ్డో అడ్డుపడితే గేర్‌బాక్సు పాడవకుండా షియర్ పిన్ అనే చిన్న చీల తానే విరుగుతుంది. అవి కొన్ని విడిగా కొని ఉంచుకోవాలి, వాటి స్థానంలో మామూలు బోల్టు బిగించకూడదు.

జాగ్రత్తల్లో ఒక్కదాన్ని ఇంట్లో అందరూ గుర్తుంచుకోవాలి. తడి మంచు గొట్టంలో ఇరుక్కున్నప్పుడు చెయ్యి పెట్టి తీయబోయి వేళ్లు పోగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. ఇంజను ఆపినా, ఇరుక్కున్న ఇంపెల్లర్‌లో బిగువు మిగిలి ఉండి, అడ్డు తొలగగానే ఒక్కసారిగా తిరగవచ్చు. ఇంజను ఆపి, అన్నీ నిలిచేదాకా ఆగి, యంత్రంతో ఇచ్చే కర్రతోనే తీయాలి, చేతితో ఎన్నడూ తీయకూడదు. మూసిన గ్యారేజీలో ఇంజను నడపకూడదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. శీతాకాలం ముగిశాక పెట్రోలు ఖాళీ చేయడమో, అది పాడవకుండా ఉంచే స్టెబిలైజరు కలపడమో చేస్తే మరుసటేడు స్టార్టు కాని బాధ తప్పుతుంది.

మీరు అక్కడ ఉండే నెలల్లో అల్లుడు ఊళ్లో లేని రోజున యంత్రం ఎవరు నడపాలన్నదే అసలు చిక్కు. నిండు చూలాలు గానీ పచ్చి బాలింత గానీ దాన్ని ముట్టకూడదు. యంత్రం వెనక నడవడానికైనా మీవారు ఇక్కడి గుండె వైద్యుణ్ణి అడిగి అనుమతి తీసుకున్నాకే వెళ్లాలి. ఆసుపత్రికి అర్ధరాత్రి బయలుదేరవలసి రావచ్చు కాబట్టి, ఈ ఒక్క శీతాకాలానికి యంత్రంతో పాటు, మంచు పడ్డప్పుడల్లా వచ్చి డ్రైవ్‌వే శుభ్రం చేసి వెళ్లే స్థానిక కాంట్రాక్టరుతో సీజను మొత్తానికి ముందుగానే మాట్లాడుకోమనండి. నవంబరులో మొదటి మంచు పడ్డాక వాళ్లు దొరకడం కష్టం. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే ఆ ఒప్పందమూ యంత్రం కొనుగోలూ రెండూ ముగించమని అల్లుడికి చెప్పండి.