ఒకే ఐడీకి రెండు విలువలుంటే ఏది ఉంచాలి?

రెండు పాత డేటాబేస్‌లు కలిపితే ఒకే ఐడీకి రెండేసి విలువలు వచ్చాయి, కొత్త తేదీ ఉన్నది ఉంచి రెండోది డిలీట్ చేసేయనా అని కదా మీ ప్రశ్న. చేయకండి. నేను అదే చేసి తిట్లు తిన్నాను.

ఒక పాల సేకరణ సంస్థకి సాఫ్ట్‌వేర్ చూసేవాణ్ణి. పాలు పోసే సెంటర్లో ఒక సిస్టమ్, డబ్బులిచ్చే ఆఫీసులో ఇంకోటి. రెండూ కలిపితే 40 మంది రైతులకి రెండేసి బ్యాంకు వివరాలు తేలాయి. అప్‌డేట్ తేదీ చూసి కొత్తవి ఉంచాను. తీరా చూస్తే అవి రైతు ఖాతా మార్చిన తేదీలే కావు. అంతకుముందెప్పుడో ఎవరో డేటా మొత్తం ఒకేసారి ఎక్కించారు, అన్నిటికీ ఆ రోజే పడింది. పదిహేను రోజుల బిల్లు కొందరికి మూసేసిన ఖాతాలకు పోయి వెనక్కొచ్చింది. బ్యాకప్ ఉండబట్టి బతికిపోయాను.

రెండోసారి నిదానంగా చేశాను. ఒకచోట ఖాళీ, ఇంకోచోట నంబరు ఉంటే అది వైరుధ్యం కాదు, నింపేసుకోవచ్చు. (ఒక్కో ఐడీకి ఎన్ని వేర్వేరు విలువలున్నాయో లెక్కపెట్టే గ్రూప్ బై, కౌంట్ డిస్టింక్ట్‌తో వెతికితే అవి రానే రావు, నల్‌ని, అంటే ఖాళీ గడిని, అది లెక్కపెట్టదు.) కొన్ని ఉత్త టైపింగ్ తప్పులు. బ్యాంకు శాఖ కోడ్ ఐఎఫ్‌ఎస్‌సీలో ఐదో అక్షరం ఎప్పుడూ సున్నాయే, మావాళ్ళు ఇంగ్లీషు ఓ కొట్టారు. ఇలాంటివి ఎక్కకుండా ఆపే నియమం, చెక్ కన్‌స్ట్రెయింట్, రాసే ఉంది! కానీ మా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ 5.7. 8.0.16 వెర్షన్ వచ్చేదాకా అది చెక్‌ని చదివి, కిమ్మనకుండా వదిలేసేది.

ఇవన్నీ పోగా 20 మంది మిగిలారు. ఒక్కొక్కరికి రెండు దారులంటే మొత్తం 10,48,576 రకాలుగా సరిచేయొచ్చు. ఇక్కడ పనికొచ్చింది 1999లో డేటాబేస్ పరిశోధకులు అరీనాస్, బెర్టోసీ, ఖోమిట్స్కీ రాసిన పరిశోధన పేపర్. అనవసరంగా ఏదీ కదపకుండా, ‘ఒక ఐడీకి ఒకే విలువ’ లాంటి నియమాలకు సరిపోయేలా చేసిన ప్రతి రూపమూ ఒక ‘రిపేర్’. అన్ని రిపేర్లలోనూ మారకుండా వచ్చే జవాబునే నమ్మాలి. మా లెక్కలో ఎన్ని లీటర్లు, ఎంత డబ్బు అన్నది ఎటు సరిచేసినా ఒకటే, ఏ ఖాతాకి అన్నదే తేలదు. అందుకని బిల్లులు అందరికీ తీశాం, ఈ 20 మందికి బదిలీ మాత్రం ఆపాం. రెండు వరసలూ, ఏది ఎక్కడినుంచి వచ్చిందో రాసి, వేరే టేబుల్లో దాచాను.

తర్వాత పాస్‌బుక్ ఫొటోలు తెప్పించాం. పందొమ్మిది తేలిపోయాయి. ఒకదానికి మాత్రం రెండు పాస్‌బుక్కులూ సరైనవే! తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ ఆయన నంబరు మీదే పాలు పోస్తున్నారు. అన్న తన ఖాతా సెంటర్లో ఇచ్చాడు, తమ్ముడు ఆఫీసులో ఇచ్చాడు. పొద్దుటి పాలు అన్నవి, సాయంత్రంవి తమ్ముడివి అని వాళ్ళే చెప్పారు. తమ్ముడికి కొత్త నంబరిచ్చి, లీటర్లు అలాగే విడగొట్టి, అప్పుడు పెట్టాను యూనిక్ కీ, అంటే ఒకే నంబరు రెండుసార్లు రానివ్వని నియమం.