భీమిలి ఫ్లాటా, తెనాలి పక్కన సొంతూరా?

అన్నయ్యగారూ, రిటైరయ్యాక చెన్నైలోని వేళచ్చేరి ఇల్లు ఖాళీ చేసి భీమిలిలో ఫ్లాట్ కొనాలా, తెనాలి పక్కన మీ నాన్నగారి పెంకుటింటికి వెళ్లాలా అని అడిగారు. నా మటుకు సొంతూరే మేలనిపిస్తోంది.

నేనూ చెన్నైలోనే, తిరువాన్మియూరులో సముద్రానికి రెండు వీధుల అవతల 12 ఏళ్లుగా ఉంటున్నాను. సాయంత్రం గాలి ఎంతో హాయి, కాదనను. కానీ ఆ ఉప్పుగాలే ఇనుమును తినేస్తుంది. మా వంటింటి కిటికీ గ్రిల్ పెయింట్ కింద ఉబ్బిపోయింది, గోటితో గీకితే పొరలు పొరలుగా రాలుతుంది. స్విచ్‌బోర్డు స్క్రూలు తుప్పుపట్టి తిరగవు. బోరు నీళ్లు ఉప్పన, పప్పు ఒక పట్టాన ఉడకదు. భీమిలిలోనూ ఉప్పుగాలి తప్పదు. పైగా తుపాన్ల టెన్షన్. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి విశాఖ ఎలా అల్లాడిందో మీకు గుర్తుండే ఉంటుంది.

వదినగారికి మోకాళ్ల నొప్పులన్నారు కదా. తెనాలి నుంచి గుంటూరు, విజయవాడ రెండూ దగ్గరే, పెద్దాసుపత్రులకు ఇబ్బంది ఉండదు. చెన్నై రైలు రాత్రి ఎక్కితే తెల్లారేసరికి పిల్లల దగ్గరుంటారు.

అయితే వెళ్లేముందు ఇంటి వాసాలకు చెద పట్టిందేమో చూపించండి. వానలకు ముందే పెంకులు సర్దించండి. వదినగారి కోసం లోపలే వెస్టర్న్ టాయిలెట్, పక్కన గోడకు పట్టుకునే రాడ్ పెట్టించండి, ఇది మాత్రం వాయిదా వేయొద్దు. అపార్ట్‌మెంట్ తలుపు వేసుకుని బతికిన వాళ్లకు పొద్దున్నే ఎవరో ఒకరు వసారాలోకి వచ్చి కూర్చోవడం కొత్తగా ఉంటుంది. అందుకే ముందు మూడు నెలలు ఉండి చూడండి, అప్పటిదాకా వేళచ్చేరి ఇల్లు వదలకండి.